పసుపు మరక

పొద్దు గుంకితే ఖాసింకు దోవ సరిగ్గా కనపడక ఏడాదయింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

పగలు ఏ ఇబ్బందీ లేదు. దూరాన పొలంలో కొంగ వాలితే అది ఏ గనిమ గట్టు మీద వాలిందో చెప్పగలడు. చీకటి పడిందా, ఇక అంతే. కారు ముందర రెండు బారల మేర పాలిపోయిన వెలుతురు, దాని అవతల బొగ్గు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ముప్పై ఏళ్లుగా స్టీరింగు పట్టుకుని ఇల్లు నడిపినవాడు, రాత్రయితే నాకు కనపడదని ఏ నోటితో చెబుతాడు? అందుకే ఉపాయాలు నేర్చాడు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా హైవే మీద ఏదో ఒక లారీ వెనక చేరి, దాని ఎర్ర దీపాలు పట్టుకుని వచ్చేవాడు. ఆళ్లగడ్డ దాటాక ఊరికి పోయే మూడు మైళ్ల కాలువ రోడ్డు మీద లారీలు ఉండవు. అక్కడ లెక్కే ఆధారం. మొదటి మోరీ వంతెన, మొండి తుమ్మచెట్టు, రెండో మోరీ, తూము, మలుపు. రొమ్ము స్టీరింగుకు ఆనించి, మెడ ముందుకు సాచి, లోపల ఒక్కొక్కటే లెక్క పెట్టుకుంటూ మెల్లగా తోలేవాడు. మెల్లగా తోలినందుకు, ఖాసిం ఎంత పదిలమో చూడండి అని మెచ్చుకునేవాళ్లు కూడా ఉన్నారు.

ఆ సోమవారం మాత్రం లెక్కలో లేనిది ఎదురైంది.

కారు శేషయ్యది. ఊళ్లో తాతల నాటి సేద్యం ఆయనది. ఆయన భార్య కమలాక్షమ్మకు మూత్రపిండాలు చెడి, సోమ, బుధ, శుక్రవారాలు నంద్యాల పోయి డయాలసిస్ చేయించుకోవాలి. మధ్యాహ్నం పన్నెండుకు మిషను మీద పడుకుంటే లేచేసరికి నాలుగు దాటుతుంది. కార్తీక మాసం పొద్దు, బయలుదేరి ఆళ్లగడ్డ చేరేలోపలే చీకటి. ఆ రోజు కొడుకు సురేష్ కూడా ఏదో పని మీద నంద్యాల వచ్చి, ముందు సీట్లో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. వెనక కమలాక్షమ్మ, సూదులు గుచ్చిన ఎడమ చేతిని ఒళ్లో తువాలు మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

రెండో మోరీ దాటాక ఎవరో రైతు రోడ్డులో సగం మేర మొక్కజొన్నలు ఆరబోసి, సాయంత్రానికి నల్ల పట్ట కప్పి, చుట్టూ రాళ్లు పేర్చి పోయాడు. ఖాసింకు ఆ పట్ట కనపడింది ఎప్పుడంటే, ముందు చక్రం కింద రాయి కదిలినప్పుడు. స్టీరింగు కోసి తిప్పాడు. కారు కాలువ వైపు ఒరిగి, గట్టు అంచున గడ్డిలోకి దిగి, ఆగింది. కింద నీళ్ల చప్పుడు వినపడుతోంది.

"మామా!" అని అరిచాడు సురేష్. "అంత పెద్ద కుప్ప, నీకు కనపడల్యా?"

"కనపడిందప్పా. పక్కకు తీసేలోపల రాయి తగిలె."

"యాడ కనపడింది! కనపడింటే ఎక్కిస్తావా? నేనంటే ఫోను చూస్తాంటి. తోలేది నువ్వు గదా."

కమలాక్షమ్మ చెయ్యి తలుపుకు కొట్టుకుంది. పట్టీ మీద ఒక ఎర్ర చుక్క వచ్చింది. ఆమె దాని మీద తువాలు మడిచి అదుముకుని, "నాకేం కాలేదు. పోనీప్పా ఖాసిం, మెల్లగ పోనీ" అంది. ఖాసిం అద్దంలో ఆ తువాలు చూశాడు. ఇంటికి చేరేదాకా మళ్లీ అద్దం వైపు చూడలేకపోయాడు.

ఆ పూట ఇంటికి పోయి, భార్య సకీనా కుట్టు డబ్బా తీసి సూదిలోకి దారం ఎక్కించి చూశాడు. నాలుగు సార్లు దారం పక్కకే పోయింది. సూది కన్ను ఉందో లేదో కూడా తెలియలేదు. అయిపోయింది, మన నాయనకు వచ్చినట్టే మనకూ వచ్చింది అనుకున్నాడు. వాళ్ల నాయన చివరి పదేళ్లు చేతికర్రతో గోడ తడుముకుంటూ తిరిగాడు.

"సూది నీకెందుకు ఈ పొద్దు?" అంది సకీనా, వచ్చి లాక్కుని.

"గుండీ ఊడింది."

"నాక్కూడా కనపడదులే. పక్కింటి పిల్లతో ఎక్కిచ్చుకుంటా." ఆమె అతని చొక్కా వైపు చూసింది. గుండీలన్నీ ఉన్నాయి. ఏమీ అడగకుండా డబ్బా మూత పెట్టి, అన్నం వడ్డించింది.

మంగళవారం పొద్దున్నే ఖాసిం కారు కడగడం మొదలుపెట్టాడు. కడగడంలో అతనికి ఒక పద్ధతి ఉంది. పైన కప్పు, ఆ తర్వాత అద్దాలు, తలుపులు, చక్రాలు, అన్నిటికంటే చివర ముందు లైట్లు. ఆ లైట్ల దగ్గర మాత్రం పావుగంట పట్టేది. ఎందుకంటే ప్రతి శుక్రవారం పొద్దున కమలాక్షమ్మ స్నానం చేసి, పళ్లెం తెచ్చి, రెండు లైట్లకూ నిండా పసుపు రాసి నడిమధ్యన కుంకుమ బొట్టు పెడుతుంది. "నన్ను మోసుకుపోయి మోసుకొచ్చే కండ్లప్పా ఇవి" అంటుంది. పెట్టిన బొట్టు మీద దుమ్ము పడి, చెమ్మ తగిలి, ఎండకు ఎండి అట్ట కడితే ఖాసింకు మనసు ఒప్పేది కాదు. ఆమె పెట్టిన బొట్టు మురికిగా కనపడటం ఆమెకు మర్యాద కాదని అతని లెక్క. అందుకని శనివారం తప్పకుండా, మనసు ఆగకపోతే మంగళవారం ఇంకోసారి, ఆమె దీపపు కుందులు తోమినట్టే తోమేవాడు. కొబ్బరి పీచు, చింతపండు, గిన్నెలు తోమే పొడి. ఈ పద్ధతి ఆమె దగ్గర నేర్చుకున్నదే. పాత కారు ఉన్న రోజుల్లో ఇట్లా తోమితే లైట్లు తళతళ మెరిసేవి. ఈ కారు లైట్లు ఎందుకో మెరిసేవి కావు. ఎంత తోమినా ఆ పసుపు మరక పోదు. పోలేదు కదా అని ఇంకా గట్టిగా తోమేవాడు.

పీచు గుండ్రంగా తిప్పుతూ ఉండగా సురేష్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మామా, ఒక మాట. రేపటి నుంచి పవన్ తోల్తాడు. సంజామల పిల్లోడు, ట్రాక్టరు పనికి పిలిపిచ్చినా గదా, వాడు. కారు లైసెన్సు గూడా ఉంది. ఈ వారం నువ్వు పక్కన కూర్చోని దోవ చూపిచ్చు. ఆమీట బోరు మోటరు కాడ ఉందువులే."

ఖాసిం చేతిలో పీచు ఆగింది.

"నిన్ను ఊరికే వదిలిపెట్టం మామా. కానీ అమ్మను కూర్చోబెట్టుకొని పోయే బండి అది. నీ కండ్లు పాయె. ఒప్పుకుంటే తప్పేముంది?"

చిన్నప్పుడు సురేష్‌ను బడికి దింపింది ఖాసిమే. ఆ పిల్లవాడు ఇంత పెద్దవాడై ఇంత మెత్తగా మాట్లాడుతుంటే, తిట్టినా బాగుండేదే అనిపించింది. వసారాలో శేషయ్య పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పేపరు ఆయన పొద్దున ఆరింటికే చదివేశాడని ఖాసింకు తెలుసు. కాసేపు చూశాడు. పేపరు కిందికి దిగలేదు. ఖాసిం మిగిలిన లైటు కూడా తోమి, నీళ్లు పోసి, బకెట్టు బోర్లించి ఇంటికి పోయాడు. తాళం చెవి ఎప్పుడూ జేబులో వేసుకుపోయేవాడు, ఆ రోజు మాత్రం గూట్లో పెట్టి పోయాడు.

బుధవారం పవన్ తోలాడు. ఇరవై ఆరేళ్ల పిల్లవాడు, మాట తక్కువ, చెయ్యి కుదురు. తప్పు పడదామని ఖాసిం ఎంత చూసినా నంద్యాల దాకా ఒక్కటీ దొరకలేదు. అది ఇంకా బాధగా ఉంది. కమలాక్షమ్మను మిషను మీద పడుకోబెట్టాక, టీ తాగొస్తానని చెప్పి ఖాసిం గబగబా నడిచి కళ్లాసుపత్రికి పోయాడు. పోయేది ఎలాగూ పోయింది, ఎంత పోయిందో తెలిస్తే చాలు.

పరీక్ష చేసే అమ్మాయి పేరు వినీత అని జేబు మీద రాసి ఉంది. ఒక కన్ను మూసి గోడ మీది అక్షరాలు చదవమంది. ఖాసిం పై నుంచి కింది దాకా గడగడ చదివేశాడు. చదివాక అతనికే అనుమానం వచ్చింది.

"అమ్మా, ఇప్పుడు చదివింది లెక్కలోకి తీసుకోవాకు. నా ముందర పెద్దాయన చదువుతాంటే విన్నా. నోటికొచ్చి చెప్తినేమో."

ఆ పిల్ల పకపక నవ్వి, అట్ట మార్చింది. ఖాసిం అదీ చదివాడు. అడుగున చీమల్లా ఉన్న వరసతో సహా. రెండో కన్నుతోనూ అంతే. ఆమె లైటు వేసి కంట్లోకి చూసింది, లోపలికి పంపితే డాక్టరూ చూశాడు. ఆయన రాసిన చీటీ చదివి వినీత చెప్పింది.

"దూరం చూపు బ్రహ్మాండంగా ఉంది తాతా. పొర కూడా లేదు. దగ్గరవి కనపడవు, అది ఈ వయసులో అందరికీ మామూలే. సూదిలో దారం, పేపరు చదవడం, వాటికి అద్దాలు రాసిస్తాం."

"మరి పొద్దు గుంకితే దోవ కనపడదే?"

"రేచీకటి ఉంటే చిన్నప్పటి నుంచే తెలుస్తుంది చాలామందికి. మీకేమీ అట్లాంటి గుర్తులు లేవు."

చాలామందికి అంది గానీ అందరికీ అనలేదు కదా. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు ఖాసిం. పట్టపగలు లైటు గదిలో చదివించి చూపు ఉందంటే ఏం లాభం? తన రోగం రాత్రిది. దానికి పేరు కూడా దొరికింది ఇప్పుడు, రేచీకటి. భయపడాలని ఉన్నవాడు డాక్టరు మంచి మాట చెప్పినా అందులో నుంచి ఒక భయం ఏరుకుంటాడు.

సాయంత్రం తిరుగు దారిలో పవన్ లారీలను దాటేస్తూ పోయాడు. ఎదుటి బండ్ల వెలుతురు, దాబాల వెలుతురు, హైవే కాబట్టి గడిచిపోయింది. ఆళ్లగడ్డ దాటి కాలువ రోడ్డు మీదికి తిరగ్గానే కారు వేగం సగమైంది. ఖాసిం ముందుకు చూస్తే తనకు తెలిసిన చీకటే. తలకాయ పక్కకు తిప్పి పవన్‌ను చూశాడు.

పవన్ రొమ్ము స్టీరింగుకు ఆని ఉంది. మెడ ముందుకు సాగింది. నుదురు దాదాపు అద్దానికి తగులుతోంది. కళ్లు చికిలించి, నోరు కొద్దిగా తెరిచి, ఒక్కొక్క అడుగే జరుపుతున్నాడు. అచ్చం తనలాగే. ఈ కూర్చోవడం ఖాసింకు తెలియనిదా?

"మొదటి మోరీ వచ్చె. కొంచెం కుడికి" అన్నాడు ఖాసిం.

పవన్ కుడికి తిప్పాడు. కాసేపాగి, వెనక నిద్రలో ఉన్న కమలాక్షమ్మకు వినపడకుండా గొంతు తగ్గించి అడిగాడు.

"మామా, నీకేమన్నా కనపడతాందా?"

ఖాసిం సీట్లో ముందుకు జరిగాడు. "నీకు?"

"నాకేమీ కనపడల్యా. నువ్వు చెప్తాంటే పోతాండా."

ఇరవై ఆరేళ్లవాడికి కూడా కనపడలేదు! దిగి ఆ కాలువ నీళ్లు దోసిట పట్టి ముఖం కడుక్కోవాలనిపించింది ఖాసింకు. మిగతా మైలున్నర లెక్క చెబుతూ ఇంటికి చేర్పించాడు. దిగాక గోడ వైపు ఆగిన కారు ముందుకు పోయి నిలబడ్డాడు. గోడ మీద పడిన వెలుతురు మజ్జిగ తేటలా ఉంది. వంగి లైట్లలోకి చూశాడు. లోపల బల్బు కనపడలేదు. పసుపు మరక అనుకున్న ఆ మసక వెనక ఎక్కడో ఉంది.

గురువారం పొద్దున్నే, నాష్టా కూడా చేయకుండా, సురేష్ దగ్గరికి పోయాడు.

"సురేషూ, నా కండ్లు బాగుండాయంట. నిన్న డాక్టరుకు చూపిచ్చినా. కారు లైట్లకు పొర వచ్చింది నాయనా. వెలుతురే పడల్యా ముందరికి."

సురేష్ పళ్లు తోముకుంటున్నవాడు ఆగి, ఉమ్మేసి అన్నాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్యాడంట మామా నీ మాదిరోడు. ఇన్నేండ్లు లేని పొర నీకు కనపడనప్పుడే వచ్చెనా?"

"పవన్‌ను అడుగు. నిన్న వాడు..."

పవన్ పక్కనే ట్రాక్టరుకు గ్రీజు పెడుతున్నాడు. "ఏం పవనూ, నిన్న దోవ కనపడిందా లేదా?" అని అడిగాడు సురేష్.

పవన్ చేతిలో గ్రీజు డబ్బా వైపు చూశాడు. ఖాసిం వైపు చూడలేదు. "కనపడిందన్నా" అన్నాడు.

"ఇనపడెనా?" అని సురేష్ లోపలికి పోయాడు.

ఖాసింకు కోపం రావాలి. ఎంత పిలిచినా రాలేదు. అదే సీట్లో కూర్చుని, అదే భయంతో, అదే మాట తాను ఏడాది పాటు చెప్పాడు. పవన్ కొత్త పనిలో చేరి రెండు రోజులు. ఆ మాత్రం అబద్ధానికి ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టే హక్కు తనకు లేదు. కానీ రేపటితో తన వారం అయిపోతుంది. ఆ పైన బోరు మోటరు దగ్గర మంచం వేసుకుని, కమలాక్షమ్మ కారు కనపడని కాలువ గట్టు మీద పోతుంటే చూస్తూ కూర్చోవాలి. ఉద్యోగం కన్నా ఆ ఊహే ఎక్కువ భయపెట్టింది.

శుక్రవారం బయలుదేరేముందు కమలాక్షమ్మ ఎప్పటిలాగే పళ్లెం తెచ్చి లైట్లకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఖాసిం చేతులు కట్టుకుని చూశాడు.

నంద్యాలలో ఆమెను లోపల దింపి వచ్చాక, పవన్ కారును ఆసుపత్రి నీడలో పెట్టకుండా మెకానిక్ షెడ్ల సందులోకి తిప్పాడు. ఒక పెయింటింగ్ షెడ్డు ముందు ఆపాడు.

"యాడికి తెచ్చినావప్పా?"

"దిగు మామా." పవన్ ఇంకా అతని ముఖం చూడలేదు. "రాత్రంతా నిద్ర పట్టల్యా. ఆయమ్మను కూర్చోబెట్టుకొని ఆ గట్టు మీద నేను మళ్లా తోలలేను. ఈ షెడ్డులో ఒక అక్క లైట్లు బాగుచేస్తాదని చెప్పినారు."

షెడ్డు సాల్మన్ రాజుది. రంగులు కొట్టేది ఆయన. లైట్ల పని మాత్రం ఆయన భార్య ఎలిజబెత్‌ది. ఆమె చెయ్యి తేలిక అని సందంతా చెబుతారు. ఆమె వచ్చి కారు ముందు గొంతుక్కూర్చుని, పసుపు కుంకుమ చూసి, "ముందు ఇది నువ్వే తుడుచన్నా. నేను తుడిస్తే నీకు బాధ" అంది. ఖాసిం తడి గుడ్డతో పదిలంగా తుడిచాడు. బొట్టు పోయినా పసుపు రంగు అట్లాగే ఉంది.

"ఈ మరక పోదమ్మా. ఎంత తోమినా పోల్యా."

"మరక యాడుంది?" ఎలిజబెత్ గోరుతో గీకి చూపింది. "ఇది పసుపు కాదు. ఎండకు లైటే పసుపు పచ్చగా మాగింది. దీని మీద సన్న పూత ఒకటి ఉంటాది, అది పోతే ఇంతే." ఆమె తల పక్కకు వంచి వెలుతురులో చూసింది. వేలు గుండ్రంగా తిప్పింది. "గీతలన్నీ గుండ్రంగా ఉండాయే. దేంతో తోమినావన్నా దీన్ని?"

ఖాసిం చెప్పాడు. కొబ్బరి పీచు, చింతపండు, గిన్నెల పొడి.

"అబ్బ! ఎన్నాళ్ల నుంచి?"

"ఈ కారు కొన్నప్పటి నుంచి. వారానికి ఒకసారి. రెండుసార్లు."

"పాత కార్లవి గాజువి అన్నా, తోమితే మెరుస్తాయి. ఇది ప్లాస్టిక్. ఇత్తడి కుంది తోమినట్టు తోమితే దీనికి మిగిలేదేముంది? ఆ పూత అంతా నువ్వే తినేసినావ్."

ఖాసిం షెడ్డు అరుగు మీద కూలబడ్డాడు. కళ్లు బాగున్నాయన్న సంతోషం ఇంకా పూర్తిగా అనుభవించనే లేదు, ఇంతలో ఇది. ఏడాదిగా తనను గుడ్డివాణ్ణి చేసింది తన చేతులే. అదీ మర్యాద కోసం.

ఎలిజబెత్ పని మొదలుపెట్టింది. లైట్ల చుట్టూ రంగుకు తగలకుండా కాగితం టేపు అంటించింది. వాటర్ పేపర్ అనే గరుకు కాగితాన్ని నీళ్లలో నానబెట్టి, అడ్డంగా, ఒకే వరసన రుద్దింది. పాలలా తెల్లటి నీళ్లు కారాయి. కాసేపటికి లైటు సున్నం పూసిన గోడలా తెల్లబడింది. ఖాసిం లేచి నిలబడ్డాడు.

"ఉన్నది గూడా పోగొడితివే తల్లీ!"

"కూర్చో అన్నా. కంటికి ఆపరేషన్ చేసేటప్పుడు మధ్యలో లేచి చూస్తారా ఎవురన్నా?"

ఇంకా మెత్త కాగితం, దాని తర్వాత వేలికి తగిలీ తగలనంత మెత్త కాగితం. ప్రతిసారీ నీళ్లు పోసి, తుడిచి, చెంప దగ్గర పెట్టి చూసినట్టు వంగి చూసేది. ఆ తర్వాత తెల్ల ముద్ద రాసి, ఉన్ని చక్రం ఉన్న మిషను ఆడించింది. చక్రం తిరిగే కొద్దీ తెలుపు విడిపోయింది. మొదట వెండి రేకు, తర్వాత బల్బు, తర్వాత దాని చుట్టూ ఉన్న చిన్న చిన్న పలకలు, ఒక్కొక్కటే పైకి తేలాయి. ఒక లైటు అయింది. రెండోది ఇంకా మసకలోనే ఉంది. ఒక కంటికి ఆపరేషన్ అయిన మనిషిలా కారు వాళ్ల వైపు చూస్తోంది.

పవన్ మొదటిసారి నవ్వాడు. "ఇది మన కారేనా మామా?"

రెండోది కూడా అయ్యాక పైన కొత్త పూత కొట్టి, ఆరేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు ఎలిజబెత్. దాంతో ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది. పోయేటప్పుడు వేలు చూపి చెప్పింది. "నీళ్లు, మెత్త గుడ్డ. అంతే. పీచు ముట్టుకుంటే నా దగ్గరికి రావాకు."

సాయంత్రం కమలాక్షమ్మ నీరసంగా వచ్చి వెనక కూర్చుంది. పవన్ తాళం చెవి తీసి ఖాసిం ముందు చాపాడు. సురేష్ ఏమంటాడో అని ఖాసిం చెయ్యి చాపలేదు.

"ఎవురో ఒకరు ఎక్కండప్పా, నాకు ఓపిక ల్యా" అంది కమలాక్షమ్మ. తర్వాత, "ఖాసిం, నువ్వే తోలు. ఈ పిల్లోడు బ్రేకు కొడితే నా చెయ్యి అదురుతాది" అంది.

ఆళ్లగడ్డ దాకా ఖాసిం ఏ లారీ వెనకా పడలేదు. అయినా అసలు పరీక్ష ముందుంది. కాలువ రోడ్డు మీదికి తిరిగి, పెద్ద లైటు వేశాడు.

రోడ్డు మొత్తం లేచి నిలబడింది. అటు గట్టు గడ్డి, ఇటు చేను, దూరంగా మొండి తుమ్మచెట్టు కొమ్మకు వేలాడే పిట్ట గూడుతో సహా. రెండో మోరీ మీద ఎవరో సున్నంతో పేర్లు రాశారు. ఇన్ని సార్లు చీకట్లో ఈ మోరీ దాటాడు, ఆ పేర్లు ఒక్కసారీ కనపడలేదు. అతను లెక్క పెట్టడం మర్చిపోయాడు. ఎప్పుడు సీటుకు వీపు ఆనించాడో కూడా తెలియలేదు. మొక్కజొన్న కుప్ప ఇంకా అక్కడే ఉంది. నల్ల పట్ట, దాని చుట్టూ రాళ్లు, యాభై గజాల ముందే. "పదకొండు రాళ్లు" అన్నాడు పైకే. పవన్ కూడా లెక్క పెట్టి, "పన్నెండు మామా, ఒకటి దొర్లింది" అన్నాడు. ఆ దొర్లింది సోమవారం తాను కదిలించిందే. ఖాసిం కారు నెమ్మదిగా పక్క నుంచి పోనిచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ రోడ్డు మసక కాలేదు.

మలుపు దగ్గర ఎదురుగా ఒక మోటారుసైకిలు వచ్చి టక్కున ఆగింది. మనిషి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవుర్రా అది? లైటు తగ్గిచ్చు! కండ్లు పోతాండాయి ఈడ!"

గొంతు సురేష్‌ది. ఖాసిం లైటు తగ్గించి కారు ఆపాడు. తిట్టడానికి సిద్ధమై వచ్చిన సురేష్ కిటికీలోకి వంగి, ఖాసింను చూసి, వెనక తల్లిని చూసి, తిట్టు మానుకున్నాడు. ఆలస్యమైందని వెతుక్కుంటూ బయలుదేరాడు, ఎదురొచ్చిన తన కారునే గుర్తుపట్టలేదు.

"మన కారేరా" అంది కమలాక్షమ్మ.

సురేష్ ముందుకు పోయి లైట్లు చూశాడు. "కొత్తవి ఏపిచ్చినారా?"

"పాతవేనన్నా, రుద్దిపిచ్చినాం." పవన్ కారు దిగాడు. "అన్నా, బుధవారం నాకూ దోవ కనపడల్యా. మామ పక్కనుండి చెప్తాంటే తోల్తి. నిన్న నీ ముందర భయపడి అబద్ధమాడితి."

ఇక్కడితో ఊరుకుంటే ఖాసిం గెలిచినట్టే. ఊరుకోలేకపోయాడు. "వాన్నేమీ అనొద్దు సురేషూ. లైట్లు చెడగొట్టింది నేనే. అక్క పెట్టిన బొట్టు మురికి పడగూడదని వారం వారం పీచుతో తోమితి. పసుపు పోలేదనుకొని ఇంకా తోమితి. అది ప్లాస్టికంట. నాకు తెలీదు. తప్పు నాది."

కాలువలో కప్పలు అరుస్తున్నాయి. వెనక సీట్లో నుంచి ఒక చప్పుడు వచ్చింది. కమలాక్షమ్మ నవ్వుతోంది. డయాలసిస్ రోజు ఆమె నవ్వగా ఎవరూ చూడలేదు.

"బొట్టు పెట్టింది నేను, తోమింది నువ్వు. ఇద్దరమూ కూడి దాని కండ్లు పోగొడితిమి. తిట్లు మాత్రం నీ కండ్లకు పడె!" తువాలుతో కళ్లు ఒత్తుకుంది. "మరి వచ్చే శుక్రవారం యాడ పెట్టాల్నప్పా బొట్టు?"

"రెండింటి మధ్యన రేకు మీద పెట్టక్కా. లైట్ల జోలికి మాత్రం రావాకు."

సురేష్ లైట్ల ముందే నిలబడి ఉన్నాడు. అరచెయ్యి ఒకసారి లైటుకు అడ్డం పెట్టి, తీసి, దూరంగా గట్టు మీద పడే వెలుతురు చూశాడు. తర్వాత కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మద్దెల ఓడే మామా" అన్నాడు, ఖాసిం భుజం వైపు చూస్తూ. "సోమవారం పదింటికే బయలుదేరాల. అమ్మకు రక్తపరీక్ష ఉంది. పవనూ, నువ్వు రేపటి నుంచి ట్రాక్టరెక్కు."

"ట్రాక్టరయితే నాకు భయంల్యా" అన్నాడు పవన్, ఎంత గట్టిగా ఊపిరి వదిలాడో అందరికీ వినపడింది.

సురేష్ బండి వెనక్కి తిప్పి స్టార్టు చేశాడు. దాని లైటు మిణుకు మిణుకుమంటోంది. "నువ్వు ముందు పో మామా. నా లైటు అంతంత మాత్రం. నీ వెనకాల వస్తా" అన్నాడు.

ఖాసిం కారు కదిలించాడు. అద్దంలో చూస్తే, ఏడాది పాటు తాను లారీల వెనక పడి వచ్చినట్టే, సురేష్ ఈ కారు ఎర్ర దీపాలు పట్టుకుని వస్తున్నాడు. వాడికి దోవ కనపడాలి కదా అని ఖాసిం ఇంటిదాకా కొంచెం నెమ్మదిగానే తోలాడు.